లిస్సా దిండు

రోస్టాక్, 1846 నవంబరు 9

ఇంకా ముఖం చూడని వదినగారికి, ఇల్‌జాబె నమస్కరించి రాస్తున్నది.

నేనెవరో మీకు తెలియదు. మీరు ఉన్నారని నాకు కూడా మొన్న బుధవారం దాకా తెలియదు. మీ తమ్ముడు గాట్‌ఫ్రీడ్ ఎల్కన్ గారు ఇక్కడి విశ్వవిద్యాలయంలో దైవశాస్త్రం చెబుతారు. ఏడాదిన్నర కిందట మాకు పెళ్ళయింది. మాది వార్నెముండె రేవు. మా నాన్న ఓడలకు దారి చూపే పని చేసేవాడు. నాకు ఆరో ఏట సముద్రంలోనే పోయాడు. అమ్మ చేపలు పొగబెట్టి అమ్ముతుంది. చర్చిలో గంట కొట్టే పంతులు దగ్గర నాలుగు చలికాలాలు చదువుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

బుధవారం ఆయన దిండు గలీబు ఉతకడానికి విప్పాను. లోపల కుట్టిన గుడ్డ ముక్క మీద "బారూఖ్ ఎల్కన్, ఈకల వర్తకుడు, లిస్సా" అని ఉంది. ఎవరని అడిగితే "మా నాన్న. ఒక అక్క కూడా ఉంది. పాత దిండులే" అని, టోపీ తీసుకుని పాఠానికి వెళ్ళిపోయారు. ఆ దిండు లేకుండా ఆయనకు నిద్ర పట్టదు. ఊరికి వెళ్ళినా చంకలో పెట్టుకుని వెళతారు.

ఇంకొకటి. ఆయనను పూర్తి ప్రొఫెసరుగా చేయాలంటే తన జీవితం గురించి తనే రాసి పెద్దలకు ఇవ్వాలట. పదకొండు పేజీలు రాశారు. బల్ల మీద ఉంటే చదివాను. లైప్‌జిగ్‌లో క్రీస్తు వెలుగు చూడడం గురించి మూడు పేజీలు ఉంది. పాఠాలు చెప్పిన గురువులకు తలా ఒక పేజీ ఉంది. మీ ఇంట్లో గడిపిన పంతొమ్మిదేళ్ళకు ఒక్క వాక్యం: "లిస్సా పట్టణంలో చీకటిలో జన్మించాను." తండ్రి పేరు లేదు, తల్లి పేరు లేదు. మా రేవులో కుక్కపిల్లను అమ్మినా దాని తల్లి ఏదో చెప్పి అమ్ముతారు.

మార్చిలో నాకు కాన్పు. మా వైపు తాత లేడు. మా ఊళ్ళో తాత లేని పిల్లవాణ్ణి చర్చిలోకి ఎత్తుకెళ్ళేవాళ్ళు ఉండరు, పరాయివాళ్ళ చేతుల్లో వెళతాడు. అందుకే ధైర్యం చేసి అడుగుతున్నాను. మామగారు ఉన్నారా? ఉంటే నా బిడ్డకు ఆయన కావాలి. చిన్నప్పుడు ఈయనను ఏమని పిలిచేవారు? ఏం ఇష్టంగా తినేవారు? ఇక్కడ సరిగా తినరు.

నేను రాసినట్టు ఆయనకు తెలియదు. జవాబు మా అమ్మ ఇంటికి పంపండి.

మీ దయ కోసం చూసే,
ఇల్‌జాబె


లిస్సా, 1846 నవంబరు 24

రోస్టాక్‌లోని ప్రొఫెసరు గారి భార్యకు,

నాకు తమ్ముడు లేడు. ఒకప్పుడు ఉండేవాడు, కోపెల్ అని. పద్దెనిమిదేళ్ళ కిందట పోయాడు. లైప్‌జిగ్ నుంచి కబురు వచ్చిన రోజున నాన్న చొక్కా చింపుకున్నాడు. అద్దాలకు గుడ్డలు కప్పాం. ఏడు రోజులు పొట్టి పీటల మీద కూర్చున్నాం. పక్కింటివాళ్ళు ఉడికించిన గుడ్లు తెచ్చి తినిపించారు. ఆ పీట మీద కూర్చున్న పుణ్యానికి నా మోకాళ్ళు ఇప్పటికీ సలుపుతాయి. పోయినవాడికి పెళ్ళాం ఎలా వచ్చిందో, ఆ పెళ్ళానికి కడుపెలా వచ్చిందో మీ దైవశాస్త్రంలో వెతుక్కోండి.

ఆ దిండు నాది. నా పెళ్ళికని నాన్న బాతుల మెడ కింది మెత్తటి ఈకలు ఏరించి కుట్టించాడు. రెండు కుట్టిస్తే ఒకటి కనపడలేదు. పనిమనిషిని అనుమానించి పంపించేశాను. ఆవిడ మీద వేసిన నింద ఇప్పుడు ఎవరి నెత్తిన వేయను?

చీకట్లో పుట్టాడని రాసుకున్నాడా. రాసుకోనివ్వండి. పదకొండు పేజీలు తన గురించే రాసుకునేవాడికి దీపం ఎక్కడ పెట్టినా ఒకటే.

ఏం తినేవాడో చెప్పడానికి నేను మీ వంటమనిషిని కాను. బాతు కొవ్వులో ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, నల్ల రొట్టె మీద పరిచి, పైన ఉప్పురాయి నలిపి చల్లితే గిన్నె కూడా నాకేవాడు. ఇది పోయినవాడి సంగతి. మీ ఆయన సంగతి కాదు.

నాన్న బతికే ఉన్నాడు. నూరేళ్ళు ఉంటాడు. డెబ్బై ఎనిమిది దాటాయి. రోజుకు ఇరవైమందిని తిట్టందే అన్నం సహించదు. అంతమంది దొరకని రోజు నన్నే రెండేసి సార్లు తిట్టి లెక్క సరిచేస్తాడు. ఆయనకు మీ ఉత్తరం చూపించలేదు, చూపించను.

మీ జర్మన్ అక్షరాలు నేను బెర్లిన్ వర్తకులకు రాయడానికి నేర్చుకున్నాను, ఇలాంటి పనులకు కాదు. మళ్ళీ రాయకండి.

గిటెల్,
బారూఖ్ ఎల్కన్ కూతురు


రోస్టాక్, 1846 డిసెంబరు 12

వదినగారికి, ఇల్‌జాబె నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. వెంటనే మీ బాధ తీర్చాలని రాస్తున్నాను. మీకు ఎవరో తప్పుడు కబురు చెప్పారు. ఆయన బతికే ఉన్నారు. కొంచెం దగ్గు ఉంది, అంతే. మా రేవులో కూడా ఒకసారి ఇలాగే జరిగింది. యోఖెన్ అనే నావికుడు మునిగిపోయాడని గంటలు కొట్టి, చర్చి పుస్తకంలో రాసేశారు. మరుసటి వసంతంలో అతను చిలకను భుజాన పెట్టుకుని దిగాడు. పాస్టరు గారు పుస్తకంలో ఆ వరుస కొట్టేశారు. మీరు కూడా అలా కొట్టేయవచ్చు. పద్దెనిమిదేళ్ళు ఏడ్చిన మిమ్మల్ని తలచుకుంటే నాకు నిద్ర లేదు.

మీరు చెప్పినట్టే బాతు కొవ్వులో ఉల్లిపాయలు వేయించాను. ఆయన పొయ్యి దగ్గరే నిలబడి తిన్నారు. గిన్నె నాకారు. తర్వాత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ రోజు కాగితం మీద ఒక్క అక్షరం పడలేదు.

మా అమ్మ పంపే పాము చేపలు మాత్రం ముట్టరు. రేవంతటికీ మా అమ్మ పొగబెట్టిన పాము చేపలంటే ప్రాణం. అవి బల్ల మీదికి రాగానే ఈయనకు తలనొప్పి వస్తుంది. అమ్మకు అవమానంగా ఉంది. దీనికి కారణం మీకేమైనా తెలుసా?

పోయిన వారం డీన్ గారి భార్య హెర్మీన గారు టీకి పిలిచారు. ఐదుగురు ప్రొఫెసర్ల భార్యలు వచ్చారు. నేను కుర్చీ అంచున కూర్చున్నాను. ఆవిడ నా చేతులు చూసి, "చేప వాసన సబ్బుతో పోతుందా, అమ్మాయ్?" అని అడిగారు. నేను పోతుందని చెప్పాను. "అదృష్టవంతురాలివి. కొన్ని వాసనలు బాప్తిస్మంతో కూడా పోవు" అన్నారు. అందరూ కప్పుల్లోకి చూస్తూ నవ్వుకున్నారు. ఆ మాట యూదుడిగా పుట్టిన ఆయన గురించి అని ఇంటికి వచ్చి కోటు విప్పేటప్పుడు అర్థమైంది. నాకు అన్నీ కోటు విప్పేటప్పుడే అర్థమవుతాయి.

ఆయన మాత్రం ఆ డీన్ గారికి తన పుస్తకం అంకితం ఇస్తున్నారు. యిర్మీయా ప్రవక్త మీద రాశారు. పాత ఆచారాలన్నీ పొట్టు, లోపలిది గింజ అని అందులో ఉందట.

మామగారికి నా నమస్కారం చెప్పండి. ఆయన కొడుకు బతికే ఉన్నాడని మెల్లగా చెప్పండి. వయసు మీద పడ్డవాళ్ళకు సంతోషం కూడా ఒక్కసారిగా చెప్పకూడదంటారు.

ఇల్‌జాబె


లిస్సా, 1847 జనవరి 5

ఇల్‌జాబెకు,

రాయవద్దంటే రాశావు. రాయకూడదనుకుంటూనే నేనూ రాస్తున్నాను. "మీరు" అనడం మానేశాను. ఇంత అమాయకురాలిని "మీరు" అంటే నాకే నవ్వొస్తుంది.

పిచ్చిదానా, మాకు తప్పుడు కబురు రాలేదు. వాడు ఊపిరి పీలుస్తున్నాడని మాకు ఆ రోజే తెలుసు. మా యూదుల్లో ఒకడు మీ బాప్తిస్మం నీళ్ళు నెత్తిన పోయించుకుంటే ఇంట్లోవాళ్ళు వాడిని పోయినవాడి కింద కట్టి, పీట వేసుకు కూర్చుంటారు. కొట్టేయడానికి పుస్తకంలో వరుస లేదు. అది రాసింది చొక్కా మీద. చింపిన చొక్కా మళ్ళీ కుట్టకూడదు.

నీ ఉత్తరం చదివి గట్టిగా నవ్వాను. చిలకను పెట్టుకుని దిగాడట. నాన్న అవతలి గదిలోంచి కేకేశాడు.

"ఎవరే అది, ఎందుకా నవ్వు?"

"రోస్టాక్ నుంచి ఈకల బేరం నాన్నా."

"రోస్టాక్‌లో బాతులున్నాయా?"

"ఉన్నాయి. ప్రొఫెసర్లంటారు."

"వాటి ఈకలు దిండుకు పనికిరావు. గుచ్చుకుంటాయి" అని మళ్ళీ పడుకున్నాడు.

ఇక పాము చేప సంగతి. పొలుసు లేని చేప మేం తినం. అంత పెద్ద పండితుడికి అది పొట్టని రాయడం వచ్చింది కానీ మింగడం రాలేదు. నెత్తికి ఇప్పించుకున్నాడు కానీ కడుపుకి బాప్తిస్మం ఇప్పించుకోలేదన్నమాట. మీ అమ్మను నొచ్చుకోవద్దను. ఆవిడ వంటకు వచ్చిన తలనొప్పి కాదది. మూడు వేల ఏళ్ళ తలనొప్పి.

ఆ డీన్ పెళ్ళానికి మళ్ళీ చేతులు చూపించకు. చేతులు లేనట్టు కూర్చో. వాళ్ళు అలాగే కూర్చుంటారు.

మార్చి అన్నావు. ఎనిమిదో నెల నుంచి మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకో. కోడి రసం తాగు, మీ చేపల పులుసు కాదు. ఇది దయ అనుకోకు. గుమ్మంలోకి వచ్చిన పిల్లికైనా చెబుతాను.

గిటెల్


రోస్టాక్, 1847 మార్చి 29

వదినగారికి, మామగారికి,

మీకు మనవడు పుట్టాడు. పదకొండో తారీఖున, గాలి తూర్పుకు తిరిగిన పొద్దున. జుట్టు నల్లగా ఉంది. ఎడమ చెవి కొంచెం ముడుచుకుని ఉంది. మీ వైపు ఎవరికైనా అలా ఉందా?

నిన్న బాప్తిస్మం అయింది. అది చెప్పాలనే రాస్తున్నాను. పేరు గురించి పెద్ద మాటలు జరిగాయి. డీన్ గారి భార్య లూథర్ గారి పేరు, మార్టిన్ అని పెట్టాలన్నారు. "మీ ఇంటికి అలాంటి పేరు అవసరం, అమ్మాయ్. గోడకు సున్నం లాగా" అన్నారు. ఆయన తల ఊపారు. నేను ఏమీ అనలేదు. నేను ఏమీ అనకపోతే ఒప్పుకున్నానని అందరూ అనుకుంటారు.

చర్చిలో ఎవరూ ఎత్తుకోకపోతే ఆవిడే ఎత్తుకున్నారు. పాస్టరు గారు "బిడ్డ పేరు?" అని అడిగారు. ఆవిడ నోరు తెరిచేలోగా నేను చెప్పాను. "బారూఖ్." నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. మా రేవులో మొదటి మగపిల్లవాడికి బతికున్న తాత పేరే పెడతారు. తాతకు అంతకంటే గౌరవం లేదు. మీ పేరు నా కళ్ళముందు మరో అరవై ఏళ్ళు నడుస్తుందని చెప్పడం అది. మా నాన్న ఉంటే మొదట ఆయనకే హక్కు. ఆయన లేరు కాబట్టి మామగారికి ఇచ్చాను.

డీన్ గారి భార్య, "బారూఖా? లూథర్ సంఘంలోనా? యూదుల రబ్బీని కూడా పిలవాల్సింది" అన్నారు. పాస్టరు గారు, "యిర్మీయా లేఖకుడి పేరు అది, బైబిల్లోనే ఉంది" అని నీళ్ళు పోసేశారు.

ఆయన వైపు చూశాను. ముఖం సున్నంలా తెల్లబడిపోయింది. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. సంతోషం ఎక్కువైందనుకున్నాను. ఇంటికి వచ్చాక బిడ్డను ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు.

వదినా, ఇప్పుడు మామగారికి నా ఉత్తరాలన్నీ చూపించండి. ఆయన పేరు మోసే మనవడు ఉన్నాడని తెలిశాక ఎవరైనా కోపంగా ఉండగలరా?

మీ మరదలు,
ఇల్‌జాబె


లిస్సా, 1847 ఏప్రిల్ 8

ప్రొఫెసరు భార్యకు,

ఈ ఉత్తరం నేను చూపించలేదు. ఈకల గోతం కింద దాచితే నాన్నే తీశాడు. నిలబడి చదివాడు. పేరు దగ్గరికి వచ్చాక కూర్చున్నాడు. "నన్ను అప్పుడే పంపించేశారన్నమాట" అన్నాడు. మరునాటి పొద్దున లేవలేదు. ఒళ్ళు కాలిపోతోంది. కుడి చెయ్యి కదలడం లేదు.

మేం బతికున్నవాళ్ళ పేరు బిడ్డకు పెట్టం. ఎన్నడూ పెట్టం. పోయినవాళ్ళ పేరే పెడతాం. మృత్యుదూత చేతిలో పేర్ల జాబితా ఉంటుంది. ఒక ఇంట్లో ఇద్దరు బారూఖ్‌లు కనిపిస్తే ఎవరిని తీసుకెళ్ళాలో వాడు ఆగి అడగడు. పెద్దవాడినో, పసివాడినో, చేతికి దొరికినవాడిని పట్టుకెళతాడు. ముసలివాడి పేరు పసివాడికి పెట్టడమంటే ముసలివాడికి పాడె కట్టడమే. మా వీధిలో మూడేళ్ళ పిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది.

నీకు తెలియదు. నువ్వు చేపలు తోమినదానివి. నిన్నేమనను? నీ మొగుడికి తెలుసు. వాడు ఈ ఇంట్లో పుట్టాడు, వాడి పేరే మా అమ్మ తండ్రి పేరు, ఆయన పోయిన ఏడాదికి పెట్టింది. సంతోషం ఎక్కువైందనుకున్నావా? అడుగు ఆ పండితుణ్ణి. పాస్టరు చేతిలో నీళ్ళు ఉండగా, "ఆగండి" అనే ఒక్క మాట ఎందుకు రాలేదో అడుగు. పదకొండు పేజీలు నోరు తెరిచినవాడు అక్కడెందుకు మూసుకున్నాడో అడుగు.

నాన్న పోతే మళ్ళీ పీట వేస్తాను. ఈసారి ఎవరి వల్ల కూర్చుంటున్నానో అందరికీ చెబుతాను.

ఇక రాయకు. ఈసారి నిజంగానే అంటున్నాను.

గిటెల్


రోస్టాక్, 1847 ఏప్రిల్ 17

వదినగారికి,

మీరు రాయవద్దన్నారు. మామగారు ఎలా ఉన్నారో తెలిసేదాకా రాస్తూనే ఉంటాను. చింపేయండి.

మీ ఉత్తరం ఆయన బల్ల మీద, పుస్తకం అచ్చు కాగితాల పైన పెట్టాను. ఐదు నెలల సంగతీ చెప్పాను. నేను ఆయనను ఎదురు ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"మీకు తెలుసా?"

"తెలుసు."

"మరెందుకు ఊరుకున్నారు?"

"అక్కడ డీన్ గారున్నారు, ఇల్‌జాబె. అందరూ ఉన్నారు. అది మూఢనమ్మకమని, పొట్టని నా పుస్తకంలో నేనే రాశాను. దానికి భయపడి బాప్తిస్మం ఆపితే ఏమంటారు? ఇన్నేళ్ళయినా యూదుడు పోలేదంటారు."

"పొట్టయితే ముఖం ఎందుకు తెల్లబడింది?"

ఆయన అచ్చు కాగితాలు సర్దడం మొదలుపెట్టారు.

"మీ నాన్న ప్రాణం ఒక వైపు, ఆ టీ కప్పుల నవ్వు ఒక వైపు. మీరు నవ్వుకే ఎక్కువ భయపడ్డారు" అన్నాను. వదినా, మా రేవులో తుపానులో పడవ దింపనివాణ్ణి ఎవరూ తిట్టరు. పక్కకు తప్పుకుని దారి ఇస్తారు, అంతే. ఆ రోజు ఆయన వంటగదిలోకి వస్తే నేను పక్కకు తప్పుకున్నాను. ఆయనకు అర్థమైంది. బిడ్డ ఏడుస్తున్నా ఆయన చేతికి ఇవ్వలేదు.

తర్వాత పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. పేరు మార్చమన్నాను. "ఒకసారి నీళ్ళు పడ్డాక నేను కాదు కదా, చక్రవర్తి కూడా తీయలేడు. నీ భర్త ఇంత పెద్ద పండితుడు, ఆయన చెప్పలేదా?" అన్నారు. డీన్ గారి భార్య అక్కడే ఉన్నారు. "ఇప్పుడు మార్టిన్ కావాలా?" అన్నారు. "వద్దండి. మీకు నచ్చదని ఇక దేనికీ భయపడను" అన్నాను. కోటు విప్పాక కాదు, అక్కడే అన్నాను.

ఇంట్లో బిడ్డను పేరు పెట్టి పిలవడం మానేశాను. "ఒరే బుడ్డోడా" అంటున్నాను. దూత వింటే వినిపించేది అదే.

ఆయన నాలుగు రోజులుగా మామగారికి ఉత్తరం రాయాలని కూర్చుంటున్నారు. ఏడు భాషలు వచ్చిన మనిషికి మొదటి వాక్యం రావడం లేదు. నాకు ఒక్క భాషే వచ్చు. అందులో అడుగుతున్నాను. నేను తెలియక చేశాను. మామగారు లేచారని రాయండి.

ఇల్‌జాబె


లిస్సా, 1847 మే 2

మరదలికి,

లేచాడు.

నీకు ఉత్తరం రాసిన మూడో రోజున జ్వరం దిగలేదని ప్రార్థన మందిరానికి వెళ్ళాను. మాకు ఒక ఉపాయం ఉంది. రోగం ముదిరితే మందిరంలో పదిమంది ముందు మనిషి పేరు మార్చేస్తాం. దూత బారూఖ్ కోసం వస్తే, ఈ మంచం మీద బారూఖ్ లేడు, వేరే ఇల్లు చూసుకో అని చెప్పడానికి. నాన్నకు హాయిమ్ అని పెట్టించాను. అంటే ప్రాణం.

ఆదివారం పొద్దున కళ్ళు తెరిచి కోడి రసం అడిగాడు. తాగి, ఉప్పు తక్కువైందని తిట్టాడు. అప్పుడు చెప్పాను. ఆయన మండిపడ్డాడు.

"నా పేరు నన్నడక్కుండా మార్చావా? డెబ్బై ఎనిమిదేళ్ళు వాడిన పేరు. ఇప్పుడిప్పుడే చేతికి అలవాటవుతోంది."

"పోతావనుకున్నాను నాన్నా."

"నువ్వు అనుకుంటే పోవడానికి నేనేమైనా నీ మొగుణ్ణా?"

తర్వాత నీ ఉత్తరాలన్నీ తెమ్మన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, ఎడమ చేత్తో పట్టుకుని రెండు రోజులు చదివాడు. మధ్యలో రెండుసార్లు నవ్వాడు. మొదటిది చిలక దగ్గర. రెండోది పాము చేప దగ్గర. రెండోసారి నవ్వుతూ నవ్వుతూ అటు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను గదిలోంచి వచ్చేశాను.

మొన్న రబ్బీని పిలిపించాడు. నన్ను కలం తీసుకోమన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఆ రేవు పిల్లకు రాయి. బారూఖ్ అనే పేరు ఇప్పుడు ఖాళీగా ఉంది. ఖాళీ ఇంట్లో ఎవరైనా కాపురం పెట్టుకోవచ్చు, ఆ బుడ్డోణ్ణి పెట్టుకోమను. పేరు పెట్టి పిలవమను. ఆ పిల్ల ఒక్కతికే అక్కడ వెన్నెముక ఉంది. ముడుచుకున్న చెవి నాది. దాన్ని లాగి సాపు చేయొద్దను.

"ఇక రబ్బీగారూ, మీరు వినండి. కోపెల్ పోయాడని పద్దెనిమిదేళ్ళ కిందట నేను పీట మీద కూర్చున్నాను. మీ నాన్నగారే వచ్చి గుడ్డు తినిపించారు. బారూఖ్‌ను ఈ మార్చిలో వాళ్ళు నీళ్ళు పోసి పంపించేశారు. అంటే ఇద్దరమూ పోయినవాళ్ళమే. బతికున్నవాడు పోయినవాడితో మాట్లాడకూడదు, ఒప్పుకుంటాను. పోయినవాడు పోయినవాడితో మాట్లాడకూడదని ఎక్కడుందో చూపించండి."

రబ్బీ గడ్డం దువ్వుకున్నాడు. చాలాసేపు దువ్వుకున్నాడు. అంటే ఎక్కడా లేదని.

"రాయి గిటెల్. నేను క్షమించలేదు. పోయినవాళ్ళు క్షమించరు, వాళ్ళకు ఆ అధికారం లేదు. కానీ వాడు పుట్టింది చీకట్లో కాదు. సాయంత్రం పుట్టాడు. కిటికీలో ఒక దీపం, మంచం దగ్గర ఒకటి, మంత్రసాని చేతిలో ఒకటి. మూడింట్లోనూ నూనె పోసింది నేను. తొందరలో నేల మీద కూడా పోశాను. పండితుడు పుస్తకాలు రాసుకోవచ్చు, నా నూనె గురించి అబద్ధం రాయకూడదు.

"ఇంకొకటి. ఆ దిండు నా ఇంటిది. మనిషితో పంపితే తీసుకోను, బండికి వేస్తే తీసుకోను. ఎత్తుకెళ్ళినవాడే చంకలో పెట్టుకుని తెచ్చి ఇవ్వాలి."

ఇదీ ఆయన చెప్పింది. నా తరఫున: ఆ దిండు నాది, ఆయనది కాదు. ముసలివాడు అన్నీ తనవే అంటాడు. గలీబు ఉతికే తెండి.

నీ వదిన,
గిటెల్


రోస్టాక్, 1847 మే 19

వదినకు, హాయిమ్ మామగారికి, మీ ఇల్‌జాబె నమస్కారాలు.

మీ ఉత్తరం ఆయనే చదివారు. నిలబడి మొదలుపెట్టి, మామగారి లాగే కూర్చున్నారు.

తర్వాత రెండు రోజులు జవాబు రాశారు. ఆరు పేజీలు వచ్చింది. తండ్రి అంటే ఏమిటో హీబ్రూలో, గ్రీకులో ఉంది. అడుగున చిన్న అక్షరాలతో వివరణలు కూడా ఉన్నాయి. నేను పొయ్యిలో పెట్టాను. ఆయన చూస్తుండగానే పెట్టాను. "మీ నాన్న ఈకల వర్తకుడు. బరువు చేత్తో చూస్తాడు. ఇది తేలిపోతుంది" అన్నాను. ఆయన కోప్పడతారనుకున్నాను. "ఇంకా రెండు పేజీలు అచ్చు కాగితాల కింద ఉన్నాయి" అని అవి కూడా తెచ్చి ఇచ్చారు.

జీవిత వృత్తాంతంలో ఆ వాక్యం కొట్టేశారు. "లిస్సాలో, ఈకల వర్తకుడైన నా తండ్రి బారూఖ్ ఎల్కన్ ఇంట్లో, మూడు దీపాల వెలుగులో జన్మించాను" అని రాశారు. డీన్ గారు పిలిచి, "దీపాలు మూడా? ఇది సాక్ష్యమా, సంతలో కబుర్లా? పాత వాక్యమే హృదయానికి హత్తుకునేది" అన్నారట. మార్చకపోతే పూర్తి ప్రొఫెసరు పదవికి ఆయన పేరు ఈ ఏడు పైకి వెళ్ళదన్నారట. ఆయన మార్చలేదు. పేరు వెళ్ళలేదు. డీన్ గారి భార్య దారిలో కనబడి నా మీద జాలిపడ్డారు. ఆవిడ జాలి ఎంత చవకో ఇప్పుడు తెలుస్తోంది. వీధిలో ఊరికే పంచుతున్నారు.

ఒక మాట దాచకుండా చెబుతున్నాను. ఆయన నమ్మకం మారలేదు. పొద్దునా సాయంత్రమూ అదే ప్రార్థన చేస్తున్నారు, పక్కన నేనూ చేస్తున్నాను. మామగారు దాని గురించి అడిగితే ఇద్దరికీ కష్టం. దిండు గురించి మాట్లాడుకుంటే సరిపోతుంది. దిండు గురించి చాలా ఉంది.

జూన్ చివర బయలుదేరుతాం. బెర్లిన్ దాకా ఒక బండి, అక్కడి నుంచి ఇంకొకటి. బారూఖ్ నా ఒళ్ళో ఉంటాడు. దిండు ఆయన చంకలో ఉంటుంది. గలీబు ఉతికాను, గుడ్డ ముక్క ఉన్నచోటే కుట్టాను.

జవాబు లేకుండా ఈ ఉత్తరం పంపనన్నాను. ఇవాళ పొద్దున కలం తీసుకుని, ఒక్క వాక్యం రాసి, నాకు చూపించకుండా సిరా మీద ఇసుక చల్లి ఆరబెట్టారు. నేను చదివాను. ఇది బరువుంది. చివర ఆయన పెట్టిన పేరు ఈ ఇంట్లో నేను ఎన్నడూ వినలేదు. కిందిది ఆయన చేతిరాత.

నాన్నా, పాము చేప నేను ఒక్కసారి కూడా తినలేదు.
కోపెల్